తెలుగు తరగతిలో తెర, స్వరం: గుంటూరు ప్రాంత ఉన్నతపాఠశాలల బోధనామాధ్యమాలపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉన్నతపాఠశాలల్లోకి డిజిటల్ తెరలు, టాబ్‌లు ప్రవేశించిన తరువాత తెలుగు బోధనకు కలిగిన లాభనష్టాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పెదకాకాని మండలం, దాని చుట్టూ ఉన్న పత్తి, మిరప పండే పల్లెలు ఈ పరిశీలనకు నేపథ్యం. కొత్త పరికరాలు తెలుగు వాచకాన్ని చూపించడానికి పనికివచ్చినంతగా వినిపించడానికి పనికిరాలేదని, ఆ లోపం యంత్రానిది కాక విద్యావిధానానిదని ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: తెలుగు బోధన, డిజిటల్ తరగతి, పద్యపఠనం, శ్రవణనైపుణ్యం, టాబ్, వృత్తిపదాలు, గుంటూరు.

1. ఉపోద్ఘాతం

గుంటూరుకూ మంగళగిరికీ నడుమ జాతీయరహదారిని ఆనుకొని ఉన్న పెదకాకాని, భ్రమరాంబా మల్లేశ్వరస్వామి ఆలయం వల్ల చుట్టుపక్కల జిల్లాలకు తెలిసిన ఊరు. ఇదే మండలంలోని నంబూరు దగ్గర 1976లో ఏర్పడిన ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఉంది. రహదారి పొడవునా విద్యాసంస్థల ప్రకటన పలకలు కనిపిస్తాయి. వాటి వెనక్కి నాలుగు అడుగులు వేస్తే చేలు మొదలవుతాయి. విశ్వవిద్యాలయ ఉద్యోగి బిడ్డా, మిరపకోతకు వెళ్లే కూలీ బిడ్డా ఒకే మండలంలో తొమ్మిదో తరగతి చదువుతుంటారు. అయితే ఇద్దరూ ఒకే బడిలో చదవడం అరుదు. మొదటి బిడ్డకు ఇంట్లోనే కంప్యూటరు ఉంటుంది. రెండో బిడ్డ మొదటిసారి పెద్దతెరను ముట్టుకునేది ప్రభుత్వ పాఠశాలలోనే. కనుక తరగతిగదిలో సాంకేతికత అవసరమా అన్న చర్చ ఆ రెండో బిడ్డ విషయంలో విలాసం. అతనికి అది దక్కవలసిందే. దక్కినదానితో అతని భాషకు ఏం జరిగింది అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ విషయంపై వెలువడుతున్న వ్యాసాలు ఎక్కువగా రెండు రకాలు. పరికరాల ప్రయోజనాలను వరుసగా చెప్పి ఉపాధ్యాయులకు శిక్షణ అవసరమని ముగించేవి కొన్ని. సెల్‌ఫోను వచ్చి భాష చెడిందని బాధపడేవి మరికొన్ని. రెండు రకాల్లోనూ తెలుగు వాచకం కనిపించదు. ఒక పద్యాన్ని తెరమీద చెప్పడానికీ నోటితో చెప్పడానికీ తేడా ఏమిటన్న ప్రశ్న సాహిత్య విద్యార్థులది. దానిని విద్యాశాస్త్రానికి వదిలేసి ఊరుకోవడం తెలుగు శాఖల పొరపాటు.

2. అరువు ఉపగ్రహం, అరువు పాఠం

తెలుగు నేలమీద బడిపిల్లలకు తెర కొత్తది కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు అమెరికా ఇచ్చిన ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం సహాయంతో దేశంలోని ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు అందాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు ఆయా భాషల్లో ప్రసారాలు జరిగాయి. ఏడాది గడువు తీరగానే ఉపగ్రహం వెళ్లిపోయింది, ప్రసారాలు ఆగిపోయాయి. ఆ ప్రయోగం గొప్పదే. కాని పల్లె తరగతికి అందిన పాఠం ఆకాశంలో ఒకరి వస్తువు మీద ఆధారపడి ఉండటం కూడా అప్పుడే మొదలయింది.

దాదాపు యాభై ఏళ్ల తరువాత అదే కథ మరో రూపంలో జరిగింది. 2019 నవంబరు 14న ఒంగోలులో ‘మనబడి నాడు-నేడు’ ప్రారంభమైంది. తొలిదశలో 15,715 పాఠశాలల మరమ్మతులు చేపట్టారు. ఆ తరువాతి దశల్లో ఆరో తరగతి, ఆపై తరగతుల గదుల్లోకి ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు వచ్చాయి. ఉపాధ్యాయులు వాటిని క్లుప్తంగా ఐ.ఎఫ్.పి. అంటారు. 2022 జూన్‌లో రాష్ట్రప్రభుత్వం బైజూస్ సంస్థతో ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి విద్యార్థులకు టాబ్‌ల పంపిణీ మొదలయింది. విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ కలిపి 5,18,740 టాబ్‌లు ఇస్తున్నట్లు ప్రభుత్వం ప్రకటించింది. పాఠాలను ముందే మెమరీ కార్డులో నింపి ఇవ్వడం వల్ల ఇంటర్నెట్ లేని ఇంట్లోనూ అవి తెరుచుకున్నాయి. పల్లెను ఎరిగినవారు తీసుకున్న నిర్ణయం అది. మెచ్చుకోవాలి.

అయితే ఆ మెమరీ కార్డులో ఉన్నది ప్రధానంగా గణితం, విజ్ఞానశాస్త్రాలు, సాంఘికశాస్త్రం. అమ్మడానికి తయారైన పాఠాలలో అమ్ముడుపోయే విషయాలే ఉంటాయి. తెలుగు వాచకం ఏ సంస్థకూ దేశవ్యాప్తంగా పనికివచ్చే సరుకు కాదు. 2024 జులైలో జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ ఆ సంస్థపై దివాలా ప్రక్రియకు అనుమతించింది. రాష్ట్రంలో అంతకు ముందే ప్రభుత్వం మారింది. ఉపగ్రహం వెళ్లిపోయినట్టే పాఠమూ చేజారే స్థితి ఏర్పడింది. పరికరం ప్రజలది, అందులోని పాఠం పరులది.

కేరళతో పోల్చినప్పుడు ఈ తేడా స్పష్టమవుతుంది. అక్కడ 2001లో మొదలైన ‘ఐటీ@స్కూల్’ తరువాత ‘కైట్’ సంస్థగా మారింది. 45,000 తరగతిగదులను హైటెక్ తరగతులుగా మార్చినప్పుడు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌నే వాడారు. పాఠ్యవనరుల తయారీలో ఉపాధ్యాయులకు భాగం కల్పించారు. ‘లిటిల్ కైట్స్’ పేరుతో 2018లో విద్యార్థుల బృందాలు ఏర్పడ్డాయి. కేరళలోనూ లోపాలున్నాయి. కాని పాఠం తయారుచేసే చేయి బడిలోపలే ఉండటం మలయాళ బోధనకు కలిసివచ్చింది. ఐక్యరాజ్యసమితి విద్యా, విజ్ఞాన, సాంస్కృతిక సంస్థ 2023 నాటి ప్రపంచ విద్యానివేదికలో అడిగిన మూలప్రశ్న కూడా ఇదే: ఈ పనిముట్టు ఎవరి షరతులమీద నడుస్తోంది?

3. తెలుగు వాచకానికి తెర ఇచ్చినది

తెలుగు ఉపాధ్యాయుడికి ఐ.ఎఫ్.పి. ఏ మేరకు ఉపయోగపడిందని విచారిస్తే మూడు, నాలుగు పనులు తేలుతాయి. పాఠ్యపుస్తకం పి.డి.ఎఫ్.ను పెద్దగా చూపవచ్చు. కవి ఛాయాచిత్రం చూపవచ్చు. యూట్యూబ్‌లో ఆ పాఠానికి ఎవరో చేసిన వీడియో వేయవచ్చు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో 2017లో మొదలైన ‘దీక్ష’ వేదికలోని వనరులకు వెళ్లవచ్చు. ఇవన్నీ నల్లబల్ల చేసే పనికి పొడిగింపులే. గురులఘువులు గుర్తించి గణవిభజన చేయడానికి మాత్రం తెర నిజంగా అనువైనది. అక్షరాలపై రంగులు మార్చి, చెరిపి, మళ్లీ వేయవచ్చు. సుద్దముక్కతో పది నిమిషాలు పట్టేది మూడు నిమిషాల్లో అయిపోతుంది.

ఇక్కడొక సాంకేతికమైన చిక్కు ఉంది. సాహిత్యవిమర్శకులు దాన్ని ముద్రణాలయం వ్యవహారంగా భావించి పట్టించుకోరు. తెలుగు ప్రచురణరంగం దశాబ్దాల పాటు అను వంటి యూనికోడేతర ఖతుల మీద నడిచింది. ఆ ఖతులతో కూర్చిన పుట కంటికి తెలుగే. యంత్రానికి మాత్రం అది అర్థంలేని గుర్తుల వరుస. అలాంటి పి.డి.ఎఫ్.లో ఒక మాటను వెతికితే దొరకదు. ఎత్తి రాసుకోబోతే చెత్త వస్తుంది. విద్యార్థి తెలియని పదంమీద వేలు పెడితే నిఘంటువు తెరుచుకునే సౌకర్యం ఆంగ్లవాచకానికి ఏనాడో ఉంది. ఆంధ్రభారతి వంటి స్వచ్ఛందకృషి వల్ల తెలుగు నిఘంటువులు అంతర్జాలంలో వెతకడానికి వీలుగా ఉన్నాయి. పాఠ్యపుస్తకాన్నీ నిఘంటువునూ కలిపే తాడు మాత్రం లేదు. పాఠ్యపుస్తకాల మూలప్రతులన్నీ యూనికోడ్‌లో విడుదలైతే పెద్ద ఖర్చు లేకుండా ఆ తాడు పడుతుంది. ఖరీదైన తెర తగిలించిన గదిలో ఈ చిన్నపని ఆగి ఉండటం, పరికరాన్ని కొనడం తేలిక, పాఠాన్ని సిద్ధం చేయడం కష్టం అన్న సంగతికి నిదర్శనం.

4. మూగతెర పక్కన జాషువా

గుంటూరు ప్రాంత సాహిత్యచరిత్రలో తెరకూ స్వరానికీ ఉన్న సంబంధాన్ని అర్థం చేసుకోవడానికి ఒక జీవితఘట్టం చాలు. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా, యౌవనంలో రాజమండ్రిలో మూకీ సినిమాలకు వాచకుడిగా పనిచేశాడు. తెరమీద బొమ్మలు కదులుతుంటే పక్కన నిలబడి కథనూ సంభాషణలనూ చదివి వినిపించడం ఆ ఉద్యోగం. ఆ తరువాత ఆయన ఉపాధ్యాయుడయ్యాడు, ‘గబ్బిలం’ రాశాడు, 1957-59 మధ్య మద్రాసు ఆకాశవాణిలో కార్యక్రమ నిర్మాతగా ఉన్నాడు. తెర, తరగతి, రేడియో మూడింటిలోనూ పనిచేసిన కవి ఆయన. మూడుచోట్లా ఆయన పెట్టుబడి గొంతే. శ్మశానాన్ని గురించిన ఆయన పద్యాలు ‘హరిశ్చంద్ర’ నాటకంలోకి వెళ్లి, పుస్తకం ఏనాడూ పట్టని ప్రేక్షకుల నోళ్లలో నిలిచాయి. వేదిక మీద ఆ పద్యాలు విని కంఠస్థం చేసినవారిలో అక్షరం రానివారు కూడా ఉన్నారు.

ఇదే ప్రాంతానికి చెందిన కొమ్మూరులో 1912లో పుట్టిన జంధ్యాల పాపయ్యశాస్త్రి పద్యాలు ఘంటసాల గొంతుతో గ్రామఫోను రికార్డుల్లోకి ఎక్కాయి. ‘పుష్పవిలాపం’ ఎంతమందికి తెలుసో అందులో ఎంతమంది దాన్ని పుస్తకంలో చదివారన్నది వేరే లెక్క. పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను ఊరూరా వినిపించి 1986లో పద్మశ్రీ అందుకున్నాడు. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం ఈ మైదానమంతటికీ వినికిడి అలవాటు నేర్పింది. ఉషశ్రీ భారత, రామాయణ ప్రసంగాలు వినడానికి పనులు ఆపుకొని రేడియో చుట్టూ చేరిన తరం ఇంకా ఉంది. ఇవన్నీ బోధనామాధ్యమాలే. వీటిని ‘జానపదకళలు’, ‘సినిమా’, ‘రేడియో’ అని వేరువేరు అరల్లో పెట్టి, టాబ్‌ను మాత్రమే ‘టెక్నాలజీ’ అనడం వల్ల తెలుగు తరగతి తన సొంత ఆస్తిని పోగొట్టుకుంటోంది.

పద్యం కంటికి కనిపించే వస్తువు కాదు. యతిస్థానం ఎక్కడుందో తెరమీద ఎర్రరంగుతో చూపవచ్చు. అక్కడ గొంతు ఎందుకు ఆగుతుందో, ఆగినచోట అర్థం ఎలా బరువెక్కుతుందో వింటేనే తెలుస్తుంది. ప్రస్తుత బోధనలో ఏం జరుగుతోంది? నక్షత్రం గుర్తున్న పద్యాలను విద్యార్థి కంఠస్థం చేస్తాడు. ప్రతిపదార్థం రాస్తాడు. భావం రాస్తాడు. పాఠ్యపుస్తకంలో ‘అవగాహన - ప్రతిస్పందన’ శీర్షిక కింద వినడం, మాట్లాడటం ఉన్నాయి. పదో తరగతి పబ్లిక్ పరీక్ష మాత్రం పూర్తిగా రాతపరీక్ష. మార్కులు లేని నైపుణ్యం జనవరి దాటాక తరగతిలో బతకదు. ఇది ఉపాధ్యాయుల మీద చేసే నింద కాదు. ఫలితాల శాతాన్ని బట్టి వారిని లెక్కగట్టే పద్ధతిమీద అభ్యంతరం.

దీనికి ఎదురుగా ఒక పోలిక ఉంది. 2023 జూన్‌లో రాష్ట్రప్రభుత్వం ఈ.టి.ఎస్. సంస్థతో ఒప్పందం చేసుకొని మూడు నుంచి తొమ్మిదో తరగతి వరకు టోఫెల్ శిక్షణ ప్రవేశపెట్టింది. ఆ పరీక్షలో వినికిడి ప్రధానభాగం. కనుక పాఠశాలల్లో ఆంగ్ల ధ్వనిపాఠాలు వినిపించారు. ప్రభుత్వం మారాక ఆ కార్యక్రమం నిలిచిపోయింది. దాని మంచిచెడ్డలు అలా ఉంచి చూసినా, ఒక విషయం రుజువైంది: వినికిడిని పాఠంగా చేయాలని నిర్ణయిస్తే అవే తెరలు, అవే స్పీకర్లు అందుకు సరిపోతాయి. అమెరికన్ ఉచ్చారణ వినిపించగలిగిన యంత్రానికి సీసపద్యం వినిపించడం చేతకాదని ఎవరూ అనలేరు. అడిగినవారు లేరు, అంతే.

5. మిరపకోతల నెలలు

గుంటూరు మైదానంలో పత్తితీత శీతకాలంలో, మిరపకోత జనవరి నుంచి వేసవి దాకా సాగుతుంది. అవే నెలల్లో విద్యాసంవత్సరం పరీక్షలవైపు పరుగెత్తుతుంది. ఆలూరు, ఆదోని, కోసిగి ప్రాంతాల నుంచి కుటుంబాలు మిరపకోతలకు గుంటూరు పల్లెలకు వలస రావడం ఏటా వార్తల్లో కనిపించేదే. పిల్లలను ఊళ్లోనే ఉంచడానికి సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడుపుతున్నా, కొందరు పిల్లలు తల్లిదండ్రులతోపాటు వచ్చేస్తారు. గోడకు బిగించిన ఐ.ఎఫ్.పి. ఈ పిల్లలకు పనికిరాదు. టాబ్ పనికివస్తుంది. సంచిలో పెట్టుకొని రెండు జిల్లాలు దాటగల తరగతిగది అది. టాబ్‌ల పంపిణీని వృథా ఖర్చుగా తీసిపారేసిన విమర్శలు ఈ కోణాన్ని పట్టించుకోలేదు.

టాబ్ దుర్వినియోగం గురించి వచ్చిన ఆందోళన అబద్ధం కాదు. నియంత్రణ సాఫ్ట్‌వేర్‌ను పిల్లలు తప్పించుకున్న ఉదంతాలు పత్రికల్లో వచ్చాయి. పద్నాలుగేళ్ల పిల్లవాడి చేతిలో ఆటలున్న యంత్రం పెట్టి చదువు మాత్రమే చేసుకోమనడం అమాయకత్వమే. కాని దానికి పరిష్కారం యంత్రాన్ని గుంజుకోవడమా? ఇంట్లో తోడు కూర్చునే చదువరి లేని పిల్లవాడికి టాబ్‌లో ఉన్న పాఠం తోడు కావాలి. అతను వదిలి వచ్చిన తరగతి ఉపాధ్యాయుడి గొంతే అందులో ఉంటే ఆ తోడు ఇంకా దగ్గరిది. కోవిడ్ కాలంలో దూరదర్శన్ సప్తగిరి ద్వారా పాఠాలు ప్రసారమైనప్పుడు రాష్ట్రమంతటికీ ఒకే గొంతు వినిపించింది. అది అత్యవసరం. సాధారణకాలంలో ప్రతి ఉపాధ్యాయుడూ తన పద్యపఠనాన్ని ఐదు నిమిషాలు రికార్డు చేసి విద్యార్థుల టాబుల్లో ఉంచడానికి స్టూడియో అక్కర్లేదు.

దానికి సమయం అక్కరలేదని మాత్రం అనలేం. 2022 ఆగస్టు నుంచి ఉపాధ్యాయులు ముఖ ఆధారిత హాజరును తమ సొంత ఫోన్లలోనే వేయవలసి వచ్చింది. సంఘాలు అభ్యంతరం చెప్పాయి. మధ్యాహ్నభోజనం వివరాలు, కొంతకాలం మరుగుదొడ్ల ఫొటోలు కూడా ఆ ఫోన్లలోంచే వెళ్లాయి. ఉపాధ్యాయుడికి పాఠశాలలో సాంకేతికత మొదటగా పరిచయమైంది నిఘాగా, రెండోది లెక్కలుగా. బోధన మూడోస్థానంలో వచ్చింది. ఇటువంటి వరుసలో వచ్చినదాన్ని ప్రేమించమనడం న్యాయం కాదు.

6. కల్లంలో పదసేకరణ

ఇంతవరకు విద్యార్థిని శ్రోతగానే చూడటం జరిగింది. తెలుగు తరగతికి టాబ్ ఇవ్వగల అసలు మేలు అతన్ని సేకర్తను చేయడంలో ఉంది. ఇందుకు తెలుగులోనే గట్టి పూర్వోదాహరణ ఉంది. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తిపదకోశం తొలిసంపుటాన్ని వ్యవసాయపదాలతో వెలువరించింది. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. రైతుల, నేతగాళ్ల నోటిమాటను నిఘంటువు స్థాయికి తెచ్చిన ఆ కృషికి పరిశోధకులు ఊరూరా తిరిగారు. పెదకాకాని పిల్లలు తిరగనక్కర్లేదు. చేను ఇంటిపక్కనే ఉంది, మగ్గం పక్క మండలమైన మంగళగిరిలో ఉంది.

మిరపకాయలు ఆరబోసే కల్లం, రంగు పోయిన తాలుకాయ, యార్డుకు చేరే టిక్కీ - ఇవి ఈ పిల్లల ఇళ్లల్లో రోజూ వినిపించే మాటలు. పాఠ్యపుస్తకంలో వీటికి చోటు లేదు. పిల్లవాడు బడికి వస్తూ వాటిని గడప దగ్గరే వదిలి వస్తాడు. టాబ్‌లోని రికార్డరుతో అమ్మమ్మ చేత ఒక మాట చెప్పించి, దాని అర్థాన్ని తన వాక్యంలో రాసి తెస్తే అది ‘వ్యక్తీకరణ - సృజనాత్మకత’ శీర్షిక కింద నిఖార్సయిన పని అవుతుంది. కోసిగి నుంచి వచ్చిన పిల్లవాడు అదే వస్తువుకు తన ఊళ్లో వాడే పేరు చెబితే, మాండలికభేదం అన్న పాఠం నిర్వచనంతో పనిలేకుండా తరగతిలోకి వస్తుంది. ఇంతవరకు వెనకబెంచీలో కూర్చున్న వలసకూలీ బిడ్డ అప్పుడు ఆ తరగతికి ఆధారగ్రంథం.

గొంతును అక్షరాలుగా మార్చే సాధనాలు ఇప్పుడు తెలుగుకు ఉన్నాయి. 2022లో మొదలైన భాషిణి కార్యక్రమం ఈ దిశలో పనిచేస్తోంది. అయితే ఈ యంత్రాలు ఎక్కువగా పత్రికాభాషకు అలవాటుపడ్డాయి. మాండలికం వినిపిస్తే దగ్గరి ప్రామాణికపదాన్ని రాసి ఊరుకునే ప్రమాదం ఉంది. యంత్రం ఏం రాసింది, అమ్మమ్మ ఏమన్నది అని పక్కపక్కన పెట్టి దిద్దడం తొమ్మిదో తరగతి విద్యార్థికి చేతనైన పనే. అంతకంటే మంచి భాషాభ్యాసం ఏ ప్రశ్నల నిధిలోనూ లేదు. వ్యాసరచనకు కృత్రిమమేధ చేత రాయించుకొచ్చే బెడదకు కూడా ఇది కొంత విరుగుడు. కల్లంలో చెప్పినమాట ఏ యంత్రం దగ్గరా ముందుగా ఉండదు.

ఇలా సేకరించినవి ఎక్కడ దాచాలన్నది తేలవలసిన విషయం. టాబ్ పదో తరగతి దాకా విద్యార్థి దగ్గర ఉంటుంది. ఆ తరువాత అతను ఇంటర్మీడియట్‌కు వెళతాడు, మెమరీ కార్డు ఏ పాటలకో ఖాళీ అవుతుంది. ‘దీక్ష’లో పాఠాలకు చోటుంది, పిల్లలు తెచ్చిన మాటలకు లేదు. జిల్లా విద్యాశిక్షణ సంస్థలు, విశ్వవిద్యాలయ తెలుగు విభాగాలు ఆ బాధ్యత తీసుకోవచ్చు. నాగార్జున విశ్వవిద్యాలయం ఉన్న మండలంలోనే ఆ మాటలన్నీ ఉన్నాయి. నంబూరు ఉన్నతపాఠశాల నుంచి విశ్వవిద్యాలయం గేటుకు ఆటోలో పదినిమిషాల దారి.